మెదడుకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు మతి సంగతీ చూడండి

గౌరవనీయులైన ఆరోగ్యశ్రీ హెల్త్ కేర్ ట్రస్టు సీఈవో గారికి,



ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగతా రెండు అనంతపురం, శ్రీకాకుళం. అప్పటిదాకా క్యాన్సర్ వచ్చిందంటే ఉన్న ఎకరం అమ్ముకోవడమో, దేవుడి మీద భారం వేయడమో తప్ప దారిలేని పాలమూరు పల్లెలకు తెల్ల రేషన్ కార్డు మీద రేడియేషన్, కీమో అందడం చిన్న మార్పేమీ కాదు. 2023 డిసెంబరులో ప్రభుత్వం చికిత్స పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. అందుకే ఈ లేఖలో పథకం మీద ఫిర్యాదు లేదు, పథకం ఇంకో అడుగు వేయాలన్న విన్నపం ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకినప్పుడు ఇచ్చే రేడియేషన్‌లో రోగి జ్ఞాపకశక్తిని, ఆలోచనను కాపాడే పద్ధతులు ఇప్పుడు తెలిసే ఉన్నాయి. వాటిలో ఒకటి చవకైన గోళీ. ఇంకొకటి ఉన్న యంత్రంతోనే చేయగల ప్లానింగ్. మూడోది, అసలు తలంతటికీ రేడియేషన్ అవసరమా అని ముందే అడగడం. ఈ మూడూ డాక్టరు తీరికను బట్టి, రోగి అదృష్టాన్ని బట్టి అందే పరిస్థితి ఉండకూడదు. ఇవి ప్యాకేజీలోనే ఉండాలి.

ముందు జరిగేదేమిటో చూద్దాం. మెదడుకు పాకే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఊపిరితిత్తుల క్యాన్సరే. మెదడులో గడ్డలు చాలా ఉన్నప్పుడు, మన ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారే, ఆ రేడియేషన్‌ను తల మొత్తానికి ఇస్తారు. మామూలుగా 10 విడతల్లో 30 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), లేదంటే 5 విడతల్లో 20 గ్రే. తలనొప్పి, వాంతులు, ఫిట్స్‌తో వచ్చిన ఎందరికో దశాబ్దాలుగా దీనివల్ల ఉపశమనం దొరికింది. చిక్కేమిటంటే గడ్డ ఉన్న చోటికీ లేని చోటికీ ఒకే మోతాదు పడుతుంది. మెదడు లోపల రెండు పక్కలా, ఇంచుమించు చెవుల మట్టంలో, చిటికెన వేలంత ఉండే హిప్పోక్యాంపస్ మీదా అంతే పడుతుంది. కొత్తగా విన్నదీ చూసిందీ మనసులో నిలవాలంటే ఆ భాగం పనిచేయాలి. కొత్త నాడీకణాలకు జన్మనిచ్చే మూలకణాలు అక్కడ ఉంటాయి. అవి రేడియేషన్‌కు చాలా సులువుగా దెబ్బతింటాయి. దానికి తోడు సన్నని రక్తనాళాలు చెడిపోతాయి, కణజాలంలో వాపు వస్తుంది. ఈ నష్టం రేడియేషన్ అయిన రోజున కనపడదు. నెలలు గడిచాక మెల్లగా బయటపడుతుంది. ముప్పై ఏళ్ల కిందటి కరువు సంగతులు పూస గుచ్చినట్టు చెప్పే మనిషి, పొద్దున తిన్నదేమిటో సాయంత్రానికి చెప్పలేడు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనో, జబ్బు బలహీనతనో అనుకుంటారు. స్కానులో గడ్డ తగ్గిందని రాస్తారు గానీ మతి తగ్గిందని రాసే గడి ఏ కాగితంలోనూ ఉండదు.

మతిమరుపు బాధాకరమే, కానీ ప్రాణాపాయం ముందు అదెంత అని అనిపించవచ్చు. నా వాదన సరిగ్గా ఇక్కడ మొదలవుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. దేవరకొండ తండాలకు, అచ్చంపేట, కొల్లాపూర్ పల్లెలకు రాకపోకలు ఇంకా కష్టం. మెదడుకు రేడియేషన్ తీసుకుని ఇల్లు చేరిన రోగి చేతిలో ఉండే చీటీని ఒకసారి చూడండి. మెదడు వాపుకు ఇచ్చిన డెక్సామెథసోన్‌ను కొన్ని రోజులకోసారి తగ్గించుకుంటూ రావాలి, ఉన్నట్టుండి ఆపేస్తే ప్రమాదం. ఆ మందుతో షుగర్ పెరుగుతుంది కనుక షుగర్ గోళీలు తప్పకూడదు. ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటామ్ రెండు పూటలా వేసుకోవాలి. కణితిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్నవాళ్లకు జెఫిటినిబ్ గానీ ఒసిమెర్టినిబ్ గానీ రోజూ ఒకటి. ఏఎల్‌కే జన్యువులో మార్పు ఉండి అలెక్టినిబ్ వాడేవాళ్లకైతే పూటకు నాలుగు చొప్పున రోజుకు ఎనిమిది క్యాప్సూళ్లు, అదీ తిన్న తర్వాత. వీటన్నిటికీ తోడు మళ్లీ ఏ తారీఖున రావాలో, ఏ రిపోర్టు తేవాలో గుర్తుండాలి. పట్నంలో అయితే ఫోన్ చేసి గుర్తుచేసే నర్సు ఉండవచ్చు, పక్కనే బిడ్డలు ఉండవచ్చు. గుంపు మేస్త్రి వెంట కొడుకూ కోడలూ వలస వెళ్లిపోయిన ఇంట్లో ఆ చీటీని నడిపించాల్సింది రోగి జ్ఞాపకమే, లేకుంటే అంతే వయసున్న భార్యో భర్తో. లక్షల రూపాయల చికిత్స చివరికి నిలబడేది ఆ జ్ఞాపకం మీద. దాన్ని కాపాడటం రోగికి అదనంగా ఇచ్చే సౌకర్యమని అనుకోకూడదు. ట్రస్టు ఇప్పటికే పెట్టిన ఖర్చుకు అదే కాపలా.

ఇక ఆధారాల్లోకి వస్తాను. తలంతటికీ రేడియేషన్ అవసరమా అన్నది మొదటి ప్రశ్న. ఒకటి నుంచి మూడు గడ్డలున్న 213 మంది మీద ఉత్తర అమెరికాలో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. గడ్డలకు మాత్రమే గురిపెట్టి ఇచ్చే స్టీరియోటాక్టిక్ రేడియేషన్ తీసుకున్నవారిలో మూడు నెలలకు 63.5 శాతం మందికి ఆలోచన, జ్ఞాపకం తగ్గితే, దానికి తల మొత్తానికి రేడియేషన్ కూడా కలిపినవారిలో 91.7 శాతం మందికి తగ్గాయి. బతికిన కాలంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జపాన్‌లో 1,194 మందిని పరిశీలించిన అధ్యయనం 2014లో ఇంకో మాట చెప్పింది. అయిదు నుంచి పది గడ్డలున్నవారికి గురిపెట్టిన రేడియేషన్ ఒక్కటే ఇచ్చినా వాళ్లు, రెండు నుంచి నాలుగు గడ్డలున్నవారి కన్నా తక్కువ కాలమేమీ బతకలేదు. ఇంకో కొసన ఉన్న రోగుల గురించి బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 538 మందితో జరిగిన క్వార్ట్జ్ పరీక్ష 2016లో చెప్పింది. స్మాల్ సెల్ కాని ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకి, ఆపరేషన్‌కూ గురిపెట్టిన రేడియేషన్‌కూ వీలుకాని రోగులు వీళ్లు. తలంతటికీ రేడియేషన్ ఇస్తే సగటున బతికింది 9.2 వారాలు, ఇవ్వకుండా డెక్సామెథసోన్, మంచి ఉపశమన సేవలతో చూసుకుంటే 8.5 వారాలు. నడవలేక మంచాన పడ్డ మనిషిని అయిదు రోజులు పట్నంలో తిప్పి ఆ తేడా తెచ్చుకోవడం దయ అనిపించుకుంటుందా అన్నది ఆ పరీక్ష అడిగే ప్రశ్న. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే మార్పులున్న రోగుల్లో కొత్త మందులు మెదడులోకీ చేరతాయి. కాబట్టి చాలామందికి రేడియేషన్‌ను వెనక్కి జరపవచ్చు. కణితిలో ఏ మార్పు ఉందో పరీక్షించకుండానే తలకు రేడియేషన్ మొదలుపెడితే ఆ అవకాశం పోతుంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనే స్మాల్ సెల్ అనే రకంలో ఇంకో చిక్కుంది. మెదడులో గడ్డ లేకముందే, రాకుండా ఉండేందుకు రేడియేషన్ ఇస్తారు. 1999లో పలు పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే, మూడేళ్లు బతికినవారు 15.3 శాతం నుంచి 20.7 శాతానికి పెరిగారు. అది కాదనలేని మేలు. కానీ జబ్బు బాగా వ్యాపించిన దశలో ఉన్నవారి మీద జపాన్ వైద్యులు చేసిన పరీక్షలో ముందస్తు రేడియేషన్ వల్ల ఆయుష్షు పెరగలేదని 2017లో తేలింది. వాళ్లు రెండు వర్గాలనూ క్రమం తప్పకుండా ఎంఆర్ఐతో చూస్తూ వచ్చారు. దీని సారాంశం మన జిల్లాలకు సూటిగా వర్తిస్తుంది. వేళకు ఎంఆర్ఐ తీయించగలిగితే రేడియేషన్ వద్దనుకోవచ్చు, ఎంఆర్ఐ అందకపోతే వద్దనుకోవడానికి భయం. గురిపెట్టిన రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారికీ ఇదే మాట. వాళ్లకు మెదడులో ఇంకో చోట కొత్త గడ్డ వచ్చే అవకాశం ఎక్కువ. దాన్ని రెండు మూడు నెలలకోసారి స్కానుతో పట్టుకోవాలి. అంటే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉచితంగా తీసే ఒక ఎంఆర్ఐ, హైదరాబాద్‌లో ఒక మెదడును అనవసరమైన రేడియేషన్ నుంచి తప్పించగలదు.

అయినా తలంతటికీ రేడియేషన్ తప్పని రోగులు చాలామందే ఉంటారు. వాళ్ల కోసం రెండు రక్షణలున్నాయి. మొదటిది మెమాంటిన్. అల్జీమర్స్‌కు ఏళ్ల తరబడి వాడుతున్న ఈ మందు మన మెడికల్ షాపుల్లో జెనరిక్‌గా దొరుకుతుంది. మెదడులో గ్లుటామేట్ మితిమీరి నాడీకణాలను దెబ్బతీయకుండా ఇది అడ్డుపడుతుంది. రేడియేషన్‌తో పాటే మొదలుపెట్టి, రోజుకు 5 మిల్లీగ్రాములతో ఆరంభించి వారానికి కొంత పెంచుతూ నాలుగో వారానికి రోజుకు 20 మిల్లీగ్రాములకు తెచ్చి, మొత్తం 24 వారాలు వాడతారు. 508 మందితో జరిగి 2013లో వెలువడిన పరీక్షలో, ఆరు నెలల నాటికి ఆలోచనాశక్తి తగ్గే అవకాశం ఉత్తుత్తి గోళీ వేసుకున్నవారిలో 64.9 శాతం ఉంటే మెమాంటిన్ వేసుకున్నవారిలో 53.8 శాతం. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి మోతాదు తగ్గించాలి. అందుకు క్రియాటినిన్ రక్తపరీక్ష చాలు.

రెండోది హిప్పోక్యాంపస్‌ను తప్పించి రేడియేషన్ ఇవ్వడం. ఇది ఎలా జరుగుతుందో కాస్త దగ్గర నుంచి చూస్తే ఖర్చు ఎక్కడుందో అర్థమవుతుంది. రోగి ముఖానికి వేడి చేసిన ప్లాస్టిక్ జాలీని అచ్చు పోసి మాస్క్ తయారుచేస్తారు. ఆ మాస్క్‌తోనే ప్లానింగ్ సీటీ తీస్తారు. సన్నని ముక్కలుగా తీసిన ఎంఆర్ఐని దాని మీద కంప్యూటర్‌లో కలుపుతారు, ఎందుకంటే సీటీలో హిప్పోక్యాంపస్ స్పష్టంగా కనబడదు. డాక్టరు ఒక్కో ముక్కలో దాని అంచు గీస్తారు, చుట్టూ 5 మిల్లీమీటర్ల కంచె వేస్తారు. తర్వాత ఫిజిసిస్టు లీనియర్ యాక్సిలరేటర్ కిరణాలను అన్ని కోణాల నుంచీ మలుస్తూ, మెదడంతా 30 గ్రే అందుకుంటున్నా హిప్పోక్యాంపస్‌లో ఎక్కడా 16 గ్రే దాటకుండా, కనీస మోతాదు 9 గ్రే మించకుండా ప్లాన్ తయారుచేస్తారు. కోబాల్ట్ యంత్రంతో ఇది కుదరదు. ఇలా కిరణాలను మలిచే ఐఎంఆర్‌టీ పద్ధతి చేయగల యాక్సిలరేటర్ ఉన్నచోట మాత్రం కొత్తగా కొనాల్సిందేమీ లేదు. కావలసింది ఒక ఎంఆర్ఐ, డాక్టరూ ఫిజిసిస్టూ కూర్చోవాల్సిన మరికొన్ని గంటలు. ఫలితం 518 మంది మీద జరిపిన పరీక్షలో 2020లో తెలిసింది. రెండు వర్గాలకూ మెమాంటిన్ ఇస్తూ, ఒక వర్గానికి హిప్పోక్యాంపస్‌ను తప్పించారు. ఆలోచనాశక్తి దెబ్బతినే ముప్పు ఆ వర్గంలో నాలుగో వంతు తగ్గింది. ఆరు నెలలకు జ్ఞాపకం క్షీణించినవారు 33.3 శాతం నుంచి 16.4 శాతానికి దిగారు. ఆయుష్షులో గానీ మెదడులో జబ్బు అదుపులో ఉండడంలో గానీ తేడా లేదు. 2021 డిసెంబరులో అమెరికాలోని మూడు వైద్య సంఘాలు, క్లినికల్ ఆంకాలజీ, న్యూరో ఆంకాలజీ, రేడియేషన్ ఆంకాలజీ వాళ్లవి, కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. హిప్పోక్యాంపస్ దగ్గర గడ్డ లేకుండా, నాలుగు నెలలకు పైగా బతుకుతారనుకునే రోగులకు తల మొత్తానికి రేడియేషన్ ఇస్తే ఈ రెండు రక్షణలూ ఇవ్వాలన్నది వాటి సారం.

ఆధారాలన్నీ ఒకే వైపు లేవని అనేవారున్నారు, వారి మాటలో నిజముంది. మెమాంటిన్ పరీక్షలో ముందుగా ఎంచుకున్న ప్రధాన కొలత, గణాంకాల హద్దును కొద్దిలో అందుకోలేకపోయింది. ఆరు నెలల పరీక్షకు చేరకముందే చాలామంది రోగులు చనిపోవడమో తప్పుకోవడమో అందుకు కొంత కారణం. స్మాల్ సెల్ రోగుల ముందస్తు రేడియేషన్‌లో నెదర్లాండ్స్ వైద్యులు 168 మందిపై చేసిన పరీక్షలో హిప్పోక్యాంపస్‌ను తప్పించినా లాభం కనబడలేదు. అదే ఏడాది, 2021లో, స్పెయిన్ వైద్యులు 150 మందిపై చేసిన పరీక్షలో మూడు నెలలకు జ్ఞాపకం తగ్గినవారు 23.5 శాతం నుంచి 5.8 శాతానికి తగ్గారు. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు వచ్చినప్పుడు ముందస్తు రేడియేషన్ విషయంలో తొందరపడి ఆజ్ఞలు వేయమని నేను కోరను. కానీ గడ్డలు ఇప్పటికే ఉన్నవారి విషయంలో పెద్ద పరీక్ష జవాబు స్పష్టంగా ఉంది, జబ్బు అదుపు తప్పడం గానీ ఆయుష్షు తగ్గడం గానీ కనబడలేదు. హిప్పోక్యాంపస్‌ను తప్పిస్తే అక్కడే గడ్డ పెరుగుతుందన్న భయానికీ సమాధానం ఉంది. గడ్డ ఆ 5 మిల్లీమీటర్ల కంచె లోపల ఉండేది పదిమందిలో ఒకరికన్నా తక్కువ మందికి. వాళ్లను ఎంఆర్ఐలో ముందే గుర్తించి మామూలు పద్ధతిలో చికిత్స చేస్తారు.

రెండో అభ్యంతరం, ఎన్నాళ్లు బతుకుతారని ఈ జాగ్రత్తలన్నీ అన్నది. నిజంగా వారాలే మిగిలినవారికి నేను ఈ రక్షణలు అడగడం లేదు, రేడియేషన్ అవసరమా అని ప్రశ్నించమంటున్నాను. మిగతావాళ్ల సంగతి మారిపోయింది. ఈజీఎఫ్ఆర్ మార్పున్న ముదిరిన క్యాన్సర్‌లో ఒసిమెర్టినిబ్ తీసుకున్నవారి సగటు ఆయుష్షు 38.6 నెలలని 2020లో తేలింది. భారతీయ రోగుల్లో ఆ మార్పు అరుదేమీ కాదు. మూడేళ్లు బతకగల మనిషి ఆరో నెలలో మతి కోల్పోతే, మిగతా రెండున్నరేళ్లూ ఇంట్లో ఒకరు కూలి మానుకుని కూర్చోవాలి. ఆ కూలి ట్రస్టు లెక్కల్లోకి రాదు గానీ పాలమూరు ఇంటి లెక్కల్లో మొదటి వరుసలో ఉంటుంది.

మూడో అభ్యంతరం యంత్రాల మీద ఉన్న రద్దీ. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి రాష్ట్రం నలుమూలల నుంచీ రోగులు వస్తారు. అక్కడి సిబ్బందికి ఒక్కో ప్లాన్‌కు మరికొన్ని గంటలు కేటాయించమనడం తేలిక కాదని తెలుసు. అందుకే అందరికీ ఒకే కొలబద్ద వద్దు. ఫిట్స్‌తో, తీవ్రమైన మెదడు వాపుతో వచ్చిన రోగిని ప్లానింగ్ కోసం వారం ఆపకూడదు. అలాంటి రోగికి మామూలు రేడియేషన్ వెంటనే మొదలుపెట్టి మెమాంటిన్ జోడించాలి. ఆ గోళీకి యంత్రం, వరుస, ఫిజిసిస్టు ఏమీ అక్కర్లేదు. ఆగగలిగినవాళ్లకు, నాలుగు నెలలకు మించి బతుకుతారనుకునేవాళ్లకు హిప్పోక్యాంపస్ ప్లానింగ్ చేయాలి. పది విడతలంటే రెండు వారాలు పట్నంలో ఉండాలి. రోగితో పాటు ఇంకొకరి కూలీ పోతుంది. వసతి చూపించకుండా పది విడతలు తీసుకోమంటే చాలామంది అయిదు విడతలకే మొగ్గుతారు, వాళ్లను తప్పుపట్టలేం.

ఇంకో ప్రశ్న మిగిలింది, చదువురాని రోగి జ్ఞాపకాన్ని ఎలా కొలుస్తారని. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, నల్లగొండది 64 శాతం. కాగితం, పెన్సిల్ ఇచ్చి బొమ్మ గీయమనే పరీక్ష ఇక్కడ చదువును కొలుస్తుంది గానీ మతిని కాదు. కానీ పైన చెప్పిన కొన్ని పరీక్షల్లో ముఖ్యమైన కొలమానం అసలు నోటితో జరిగేదే. 12 మాటలు చదివి వినిపిస్తారు, తిరిగి చెప్పమంటారు. అలా మూడుసార్లు. ఇరవై అయిదు నిమిషాలు ఇంకేదో మాట్లాడి, మళ్లీ ఆ మాటలు అడుగుతారు. జొన్న, ఆముదం, సజ్జ, కంది, ఇలా పంటలు నాలుగు, వంటపాత్రలు నాలుగు, పశువులు నాలుగు తీసుకుంటే బడి ముఖం చూడని రైతు కూడా ఈ పరీక్ష రాయగలడు, అంటే నోటితో రాయగలడు. భారత వైద్య పరిశోధన మండలి ఇలాంటి పరీక్షల పెట్టెను తెలుగుతో సహా అయిదు భాషల్లో ఇప్పటికే సిద్ధం చేసింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం తెలుగువారి జ్ఞాపకశక్తి మీద చేసిన పని ప్రపంచమంతా ఎరిగినదే. దేవరకొండ తండాల లంబాడీ మాటకు, మహబూబ్‌నగర్ ఉర్దూకు, నారాయణపేట వైపు కన్నడానికి కూడా మాటల పట్టికలు కావాలి. కన్నడం ఆ అయిదు భాషల్లో ఇప్పటికే ఉంది. లంబాడీ, ఉర్దూ పట్టికలను తయారుచేయించడం ట్రస్టుకు పెద్ద పని కాదు.

కాబట్టి మీరు చేయదగ్గవి ఇవి. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగి తలకు రేడియేషన్ కోసం ప్రీ ఆథరైజేషన్ అడిగే ఆసుపత్రి నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలని నిబంధన పెట్టండి. ఎంఆర్ఐలో గడ్డలెన్ని, హిప్పోక్యాంపస్‌కు ఎంత దూరం? ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే పరీక్షలు అయ్యాయా? గురిపెట్టిన రేడియేషన్‌ను గానీ రేడియేషన్ లేని ఉపశమనాన్ని గానీ ఎందుకు ఎంచుకోలేదు? తలంతటికీ ఇస్తే మెమాంటిన్, హిప్పోక్యాంపస్ రక్షణ ఉన్నాయా, లేకపోతే కారణమేమిటి? కారణం రాయడానికి చోటు ఉంచండి, డాక్టరు నిర్ణయాన్ని తోసిపుచ్చకండి. కానీ ఏమీ రాయని దరఖాస్తును మాత్రం ఆమోదించవద్దు. కొన్ని చికిత్సల తర్వాత ఏడాది పాటు మందులిచ్చే ఫాలో-అప్ ప్యాకేజీలు పథకంలో ఏళ్లుగా ఉన్నాయి. మెమాంటిన్ 24 వారాల కోర్సును, జిల్లాలోనే తీసే తదుపరి ఎంఆర్ఐలను ఆ పద్ధతిలోకి తెండి. రేడియేషన్‌కు ముందు ఒకసారి, నాలుగో నెలలో ఒకసారి నోటి పరీక్ష జరగాలి. రెండోదాన్ని నల్లగొండ, మహబూబ్‌నగర్ బోధనాసుపత్రుల్లో శిక్షణ పొందిన నర్సు చేయవచ్చు, రోగి మళ్లీ పట్నం రానక్కర్లేదు. తారీఖు రోగికి గుర్తులేకపోతే ఆరోగ్యమిత్ర ఫోన్ చేయాలి.

ఏడాది తిరిగాక ట్రస్టు ఒక లెక్క బయటపెట్టాలని చివరిగా కోరుతున్నాను. తలకు రేడియేషన్ తీసుకున్న ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో ఎంతమందికి ఈ రక్షణలు అందాయి, నాలుగో నెలకు ఎంతమంది జ్ఞాపకం నిలిచింది, ఎంతమంది మందులు మధ్యలో ఆపేశారు, జిల్లాల వారీగా చెప్పండి. నేను చెప్పినదానికన్నా లాభం తక్కువని మన రోగుల లెక్కలే తేలిస్తే నిబంధనను మార్చండి. లాభం ఉందని తేలితే, పథకం పుట్టిన పాలమూరు నుంచే ఈ పద్ధతి మిగతా రాష్ట్రాలకూ చేరుతుంది.

ఇట్లు,
దక్షిణ తెలంగాణ పౌరుడొకరు